మలుపమ్మ దగ్గర దిగని సైకిలు

విజయనగరం వెళ్ళొచ్చాను, కోట చూశాను అని చెప్పుకునే పెద్దమనుషుల్లో మీరూ ఒకరైతే ఒక్క ప్రశ్నకి జవాబివ్వండి: కోటగోడ ఎంత ఎత్తో చెప్పగలరు సరే, ఆ గోడకి కూతవేటు దూరంలో ఉన్న వీధిలో మనుషులు రోజూ దేనికి భయపడుతున్నారో చెప్పగలరా?

చెప్పలేరు. తప్పు మీరు ఎక్కిన బండిది. కారులో పోయేవాడికి ఊరంటే వెనక్కి పరిగెత్తే గోడల వరస. సైకిలు మీద పోయేవాడు మాత్రం ప్రతి ఎత్తుకీ దిగాలి, ప్రతి పంక్చరుకీ ఆగాలి, ఆగినచోటల్లా ఎవరో ఒకరికి తనది ఏ ఊరో, పిల్లలెంతమందో చెప్పుకోవాలి. అందుకే ఈ కార్తీకంలో శ్రీకాకుళం నుంచి విజయనగరం దాకా సైకిలు మీదా, సైకిలు పోలేనిచోట కాలినడకనా తిరిగి వచ్చాను. మోచెయ్యి చెక్కుకుపోయింది, కళ్ళజోడు పగిలింది, ఒక పంచె పాడైంది. ఇంత లాభసాటి ప్రయాణం నా జన్మలో చెయ్యలేదు.

శ్రీకాకుళం

నాతో వచ్చినవాడు జోగారావు. ఇద్దరం ఒకే కాలేజీలో చదివాం. వాదసభల్లో ఎప్పుడూ ఎదురెదురు బల్లల దగ్గర నిలబడి అరుచుకునేవాళ్ళం. ఇప్పుడతను శ్రీకాకుళంలో లెక్కల మేష్టారు. గట్టి భక్తుడేం కాదు. "దేవుడున్నాడో లేడో గాని, ఓ దండం పెడితే పోయేదేటుంది బావా" అనే రకం. ఈ రకంతో వాదించడం కష్టం. భక్తుడు కోపం తెచ్చుకుంటాడు, వీళ్ళు నవ్వి ఊరుకుంటారు.

రెండు సైకిళ్ళు అద్దెకి తీసుకున్నాం. రోజుకి రూపాయి. మా గుంటూరులో కంటే నయమే, కాని ఇక్కడ బ్రేకు ఉంటే అది అదృష్టం. మొదట అరసవల్లి. ఏడాదిలో రెండుసార్లు సూర్యకిరణాలు లోపలి విగ్రహం పాదాల మీద పడతాయని పూజారి చెప్పాడు. నేను నమ్మాను. నమ్మినందుకు జోగారావు ఆశ్చర్యపోయాడు.

"కిరణాలు ఎక్కడ పడతాయో ముందే చూసుకుని ద్వారం నిలబెట్టినవాడు ఒకడుండాలి కదా," అన్నాను. "వాడికి దండం పెడతాను. వాడి పేరు ఎక్కడైనా రాసుందా?"

పూజారి, "ఎవరూ అడగలేదండీ," అన్నాడు. నిజాయితీ గల మనిషి.

నాగావళి గట్టు మీద ఒక ముసలమ్మ కూర్చుని చుట్ట తాగుతోంది. తాగడం వింత కాదు, తాగే తీరు వింత. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుంది. అడ్డపొగ అంటారట. ఆగి, నోరు కాలదా అమ్మా అని అడిగాను.

"కాలితే ఊరుకుంటానేటి? పెళ్ళైన కాడినుంచీ తాగతన్నాను. మీ ఊళ్ళో ఆడోళ్ళు తాగరేటి?"

"తాగరమ్మా."

"అయితే అన్నీ మొగోళ్ళే తాగెస్తారేటి? పాపం," అంది, మా గుంటూరు ఆడవాళ్ళని తలుచుకుని నిజంగానే జాలిపడుతూ.

చీపురుపల్లి దారి

ఆ దారంతా ఒకటే వాసన. గోగుకట్టలు నీళ్ళల్లో నానబెట్టిన మడుగులు రోడ్డుకి రెండువైపులా. కుళ్ళితేగాని నార ఊడదు. మొదట ముక్కు మూసుకున్నాను. మధ్యాహ్నానికి వాసన ఉందని మరిచిపోయాను. ఎంత దుర్వాసనకైనా ఒక పూటలో అలవాటు పడిపోతామన్న సంగతి నన్ను తర్వాత చాలాసేపు కలవరపెట్టింది.

ఒకచోట పోలీసు జవాను ఆపాడు. ఏజెన్సీ వైపు గొడవలున్న రోజులు. నాది కొత్త ముఖం, భుజాన సంచి, సంచి నిండా కాగితాలు. సంచి విప్పి నా వ్యాసం ఒకటి బయటికి తీశాడు. గ్రహణం నాడు గర్భిణులు కూర తరిగితే ఏమవుతుంది అని దాని శీర్షిక. నిలబడే చదివాడు. మడిచి నాకివ్వలేదు, జేబులో పెట్టుకున్నాడు.

"మా ఇంటిదానికి ఏడో నెల," అన్నాడు. "ఎల్లండి."

నా రచనలు ఇంత శ్రద్ధగా ఏ పత్రికా స్వాధీనం చేసుకోలేదు.

చీపురుపల్లి సంతలో భోజనం చేశాం. పనసపొట్టు కూరలో ఆవపిండి ఘాటు ముక్కుకెక్కింది, పులుసులో మాత్రం బెల్లం. కారం తక్కువని గొణిగాను. వడ్డించే ఆమె రెండు పచ్చిమిరపకాయలు విస్తట్లో పడేసి, "మీ ఊరోళ్ళకి నోరు కాదు, పొయ్యి," అంది. నయాపైసలొచ్చి ఇన్నేళ్ళయినా డబ్బులు అణాల్లోనే అడిగింది.

విజయనగరం, మెరకవీధి

మూడోరోజు విజయనగరం చేరాం. కోట చూశాను, గంటస్తంభం చూశాను. గడియారం సరైన టైమే చూపిస్తోందని జోగారావు గర్వంగా చెప్పాడు. అవి ఎక్కడికీ పోవు, మీరే వెళ్ళి చూసుకోండి. నేను చెప్పవలసింది మెరకవీధి సంగతి.

జోగారావు అక్క రమణమ్మ గారిల్లు ఆ వీధిలోనే. వీధి పైకొసన ప్రభుత్వ ఆసుపత్రి, కిందికొసన పల్లెలకి పోయే బాట. మధ్యలో నిటారుగా వాలు, వాలు మధ్యలో ఒక మలుపు. ఆ మలుపులో గోడవారగా మోకాలెత్తు రాయి, పసుపూ కుంకుమా పట్టించి నిలబెట్టారు. పేరు మలుపమ్మ. అక్కడికి రాగానే జోగారావు సైకిలు దిగాడు, చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు.

"దిగు బావా. ఇక్కడ ఎక్కి ఎల్తే అమ్మోరు తోసెస్తాది."

"ఎవరినైనా తోసిందా?"

"ఎంతమందినో! పాలబ్బాయిని, కరణంగారల్లుణ్ణి. అంతెందుకు, నర్సమ్మని తోసెయ్యలేదేటి?"

నర్సమ్మ కథ రమణమ్మగారు చెప్పారు. పేరు సింహాచలం, నరసన్నపేట పిల్ల. ఆసుపత్రి నుంచి కింది పల్లెలకి వెళ్ళి పురుళ్ళు పోస్తుంది. జీతంలో మిగుల్చుకుని పాత సైకిలు కొనుక్కుంది. ఆడది సైకిలు తొక్కడమే వీధికి గిట్టలేదు. వేసవిలో ఒకరోజు మలుపు దగ్గర పడింది. ఇంకేం, రుజువు దొరికింది. మగవాళ్ళయితే దిగి నడిపించుకుపోవచ్చు, ఆడదాని సైకిలు అమ్మవారి ముందు నుంచి అసలు పోకూడదని పెద్దలు తీర్మానించారు. తీర్మానం చేసినవాడు సన్యాసినాయుడు. జూటుమిల్లులో మేస్త్రీగా చేసి మానేసిన పెద్దమనిషి. వీధిలో ఆయన మాటకి ఎదురులేదు.

అప్పటినుంచి ఆమె నడుస్తోంది. సైకిలు మీద పావుగంటలో చేరే పల్లెకి ఇప్పుడు గంట పైన పడుతోంది. వర్షాకాలంలో పైడమ్మ అనే ఆవిడకి నొప్పులొచ్చి కబురంపితే, ఈమె నడిచి వెళ్ళేసరికి బిడ్డ పోయింది.

"పైడమ్మ సెల్లెలికి ఇప్పుడు నెలలు నిండినాయి," అన్నారు రమణమ్మగారు. "అదే ఇల్లు. ఈ పిల్ల నిద్దర పోటం మానేసినాది."

నాకు ఒళ్ళు మండింది. ఆ రోజు మంగళవారం. సాయంత్రం ఆడవాళ్ళు రాయి చుట్టూ దీపాలు పెడుతున్నారు, వీధంతా అరుగుల మీదే ఉంది. ఆసుపత్రి నుంచి దిగి వస్తున్న సింహాచలం కూడా సంచి పట్టుకుని ఆగింది. నేను సైకిలు పట్టుకుని వాలుపైన నిలబడి ఉపన్యాసం చెప్పాను. రాయికి చేతులుండవన్నాను. చేతుల్లేనిది తొయ్యలేదన్నాను. మీ భయమే మిమ్మల్ని తోస్తోంది, భయం లేనివాణ్ణి చూడండి అన్నాను. ఎక్కాను. వదిలాను.

మలుపు తిరిగేసరికి కింద ఉండవలసిన చక్రం పక్కకి పోయింది. నేను ఇంకోపక్కకి పోయాను. లేచేసరికి కళ్ళజోడు లేదు, మోచేతి మీద చర్మం లేదు. వీధి వీధంతా చేతులు జోడించి నిలబడింది, నాకు కాదు.

సన్యాసినాయుడు అరుగు దిగి వచ్చి నన్ను లేవనెత్తారు. ఆయన ముఖంలో వెటకారం లేదు, అదే నన్ను ఎక్కువ బాధించింది.

"సూసినారా మేస్టారూ? పడినోళ్ళు సోలెడు నూని అమ్మోరికి పొయ్యాలి. ఆచారం. రేపు పోసీండి, కోపం తగ్గుతాది."

సింహాచలం దగ్గరికి వచ్చి, నా మోచెయ్యి కడిగి కట్టు కట్టింది. కడుతూ మెల్లగా అంది: "నాకు సాయం సెయ్యకపోయినా పర్లేదు మేస్టారూ. ఇంక ఇలాటి ఉపకారం మాత్రం సెయ్యకండి. నిన్నటిదాకా సగంమంది నమ్మేవోరు. ఇప్పుడు అందరూ నమ్మతారు."

కట్టు కంటే ఆ మాట గట్టిగా బిగిసింది.

పంచె చెప్పిన సాక్ష్యం

మర్నాడు పొద్దున్న రమణమ్మగారు నా పంచె ఉతకడానికి తీసి, రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని పెరట్లోంచి కేకేశారు.

"ఇదేటి తమ్ముడూ? పంచెతోటి గాని పకోడీలు వేసినావేటి? నూని కారతన్నాది!"

పరిగెత్తాను. పడిన పక్కంతా నూనె. మట్టి మరక ఉండవలసిన చోట నువ్వులనూనె వాసన.

ఆ క్షణం నేను ఎంత మూర్ఖంగా వాదించానో అర్థమైంది. రాయికి చేతులున్నాయా లేవా అని గొంతు చించుకున్నాను గాని, వంగి నేలని ముట్టుకోలేదు. జనం పడుతున్నారన్నది నిజం. ఆ నిజాన్ని అబద్ధమన్నాను. ఎందుకు పడుతున్నారు అని అడగవలసింది.

సైకిలు ఇంట్లోనే వదిలి కాలినడకన మలుపు దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చున్నాను. జోగారావు నేను దండం పెడుతున్నానేమోనని కంగారుపడ్డాడు. రాయి గోడవారగా పైకి ఉంది, రోడ్డు దానికి దిగువకి వాలి ఉంది. మలుపు పొడుగునా పాతకాలపు రాతిపలకలు పరిచారు. ప్రతి మంగళవారం వీధివాళ్ళు అమ్మవారికి పోసే నూనె రాయి మీంచి జారి, పలకల సందుల్లోంచి సరిగ్గా మలుపు మధ్యకి వచ్చి చేరుతోంది. దుమ్ము కప్పేసింది కాబట్టి కంటికి కనపడదు. వేలు పెడితే వేలు జారింది. దిగి నడిచేవాళ్ళు చెప్పులు విప్పి ఓరగా పోతారు కనక పడరు. ఎక్కి పోయేవాడు మధ్యనుంచి పోతాడు కనక పడతాడు.

పడినవాడు ఏం చెయ్యాలి? సోలెడు నూనె పొయ్యాలి! అంటే తర్వాత పడబోయేవాడికి దారి సిద్ధం చెయ్యాలి. పడకుండా ఉండడానికి నూనె, పడినందుకు నూనె. ఎంతమంది పడితే మలుపమ్మకి అంత మహిమ, ఎంత మహిమ ఉంటే రోడ్డు మీద అంత నూనె. ఏ ఇంజనీరూ ఇంత చక్కటి యంత్రం కట్టలేడు.

సింహాచలాన్ని అడిగాను, నువ్వు పడింది ఏ వారమని. ఆమె చేతిలో సంచి కిందపెట్టేసింది.

"మంగళారమే మేస్టారూ."

పోస్టుడబ్బా అమ్మోరు

దుకాణానికి వెళ్ళి సోలెడు నువ్వులనూనె కొన్నాను. జోగారావు ముఖం వెలిగిపోయింది.

"మొత్తానికి నూని పొయ్యడానికి ఒప్పుకున్నావన్నమాట బావా!"

"ఒప్పుకున్నాను. ఎక్కడ పొయ్యాలో మాత్రం నా ఇష్టం."

అదే వాలులో, మలుపుకి బాగా దిగువన, ఎర్రటి పోస్టుడబ్బా ఒకటుంది. దాని ముందూ అవే రాతిపలకలు. సాయంత్రం వీధి అరుగుల మీద చేరాక నడిరోడ్డు మీద నూనె పోసి, పైన గుప్పెళ్ళతో దుమ్ము చల్లాను. సన్యాసినాయుడు వచ్చారు.

"ఏటి మేస్టారూ, పోస్టుడబ్బాకి అబిసేకం సేస్తన్నారేటి?"

"నాయుడుగారూ, ఇక్కడ ఏ అమ్మవారూ లేదు కదా?"

"నేదు. ఉత్తరాలున్నాయి."

"అయితే ఇక్కడ సైకిలు మీంచి పడతారా?"

"ఎందుకు పడతారు? తోసీవోరుండాల కదా."

"నూనె ఉన్నా పడరా?"

"నూని ఉంటే ఏటి? నాను మీలాగ నిన్నగాక మొన్న సైకిలెక్కినోణ్ణి కాదు. ఈ వీదిలో మొదటి సైకిలు నాది." ఆయనకి పౌరుషం వచ్చింది. పంచె ఎగ్గట్టారు. "ఒరే జోగీ, నీ సైకిలిలా తే."

"వొద్దు మావా," అన్నాడు జోగారావు. వద్దనడంతో ఆయన పౌరుషం ఇంకా పెరిగింది.

నేను ఆపలేదు, కాని మెల్లగా పొమ్మన్నాను. మలుపు దిగువన ఎక్కి మెల్లగానే వచ్చారు, తల ఎత్తి, గంట కొట్టుకుంటూ. పోస్టుడబ్బా ముందుకొచ్చేసరికి చక్రం నిన్న నా కింద పోయినట్టే పక్కకి పోయింది. ఆయన నడిరోడ్డు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నారు.

మొదట నోరు విప్పింది రమణమ్మగారు.

"ఒలమ్మో! పోస్టుడబ్బా అమ్మోరు తోసీసినాది!"

నవ్వు ఒక అరుగు మీద మొదలై వీధి కొస దాకా పోయింది. చెంగులు నోట్లో కుక్కుకున్నారు, ఆగలేదు. నాయుడుగారు మాత్రం నవ్వలేదు, కోపగించలేదు. కూర్చున్నచోటే అరిచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. తర్వాత తలెత్తి మలుపు వైపు చూశారు.

"నానూ పోసినాను," అన్నారు. "ప్రతి మంగళారం. నా సేత్తోనే పోసినాను." లేచి నిలబడి, ఇంటి వైపు తిరిగి అరిచారు: "ఒసే! పొయ్యిలో బూడిదుంటే బుట్టల్తోటి తెండి! సూస్తారేటి, ఎల్లండి!"

బూడిద వచ్చింది. కుంకుడురసం వచ్చింది, చీపుళ్ళు వచ్చాయి. నిన్న దీపాలు పెట్టిన ఆడవాళ్ళే మలుపులోనూ పోస్టుడబ్బా ముందూ పలకలు తోమారు. ఎన్నేళ్ళ నూనో, మూడుసార్లు కడిగితేగాని నీళ్ళు తేటపడలేదు. తోముతున్నంతసేపూ ఒకావిడ రాయి వైపు తిరిగి, "తప్పు కాయమ్మా, నీ మీద నింద ఏసినాం," అంటూనే ఉంది. నేను కల్పించుకోబోతే జోగారావు నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆగినందుకు ఇప్పుడు సంతోషిస్తున్నాను.

పలకలు ఆరాక నేను ఎక్కాను. మలుపు తిరిగాను, పోస్టుడబ్బా దాటాను, కింది బాట దాకా వెళ్ళి కాళ్ళు ఆనించాను. వీధి చప్పట్లు కొట్టింది. కాని నేను దాటితే ఎవరికేం ఒరిగింది? అందరి కళ్ళూ పైకి తిరిగాయి. ఆసుపత్రి గుమ్మంలో సింహాచలం సైకిలు పట్టుకుని నిలబడి ఉంది. నెలల తరబడి మూలనపడ్డ సైకిలు. మధ్యాహ్నమే గాలి కొట్టించి ఉంచుకుందని తర్వాత తెలిసింది.

"ఎల్లనా" అని ఆమె అడగలేదు.

"మావా, ఎలతన్నాను," అంది నాయుడుగారితో.

నాయుడుగారు గొంతు సవరించుకున్నారు. ఆడది, అమ్మవారు, ఆచారం, ఆ మాటలన్నీ ఆయన నోటిదాకా వచ్చినట్టే కనిపించింది. అరిచేతికి ఇంకా నూనె అంటుకునే ఉంది.

"బెల్లు కొట్టుకుంటూ ఎల్లు," అన్నారు. "కోళ్ళుంటాయి."

ఆమె చీరకొంగు బిగించి ఎక్కింది. గంట మోగిస్తూ మలుపమ్మ ముందు నుంచి దిగకుండా, వంగకుండా, పక్కకి చూడకుండా వెళ్ళిపోయింది. మా వాదసభల్లో ఎన్నో విజయాలకి చప్పట్లు విన్నాను. అవన్నీ ఆ గంట చప్పుడు ముందు ఎందుకూ పనికిరావు.

పల్లె బాట

శుక్రవారం నా రైలు. పొద్దున్న కాఫీ తాగుతుంటే కింది పల్లె నుంచి కబురొచ్చింది, పైడమ్మ చెల్లెలికి నొప్పులని. సింహాచలం సైకిలు మా గుమ్మం ముందు నుంచి రివ్వున పోయింది. నేను రైలు మానుకున్నాను. రమణమ్మగారు వంటే మానుకున్నారు. నాయుడుగారు మలుపు దగ్గరే నిలబడి, ఎదురొచ్చే బళ్ళని ముందుగానే పక్కకి తోలిస్తూ పొద్దు గడిపారు.

మధ్యాహ్నం దాటాక ఆమె సైకిలు నడిపించుకుంటూ వాలెక్కి వచ్చింది. చెమటతో ముఖం తడిసిపోయింది.

"బిడ్డ అడ్డం తిరిగినాది మావా. ఇంకో అరగంటైతే తల్లి కూడా దక్కీది కాదు. ఇద్దరూ బాగున్నారు. ఆడపిల్ల."

నాయుడుగారు తలపాగా తీసి ముఖం తుడుచుకుని, వీధికి వినపడేలా అరిచారు: "ఆడపిల్లట! ఇద్దరూ బాగున్నారట!"

నిజం దాచను. మలుపమ్మ ఇంకా అక్కడే ఉంది. రాయి చుట్టూ నాయుడుగారు ఒక మట్టికుండీ కట్టించారు, పోసిన నూనె అందులోనే ఆగుతుంది. "అమ్మోరికి నూని అమ్మోరికే, రోడ్డుకి కాదు," అని ఆయన కొత్త తీర్మానం. రాయి లేచిపోవాలని నేను కోరుకున్నాను, అది జరగలేదు. దానికోసం ఇంకా వాదిస్తాను. కాని దారి తెరుచుకుంది, ఆ దారిన ఒక ప్రాణం దక్కింది. ఈ గెలుపుని నేను ఎవరికీ తగ్గించి చెప్పను.

ఇప్పుడు మీ పని. ఈ పత్రిక మడిచి పక్కన పెట్టండి. మీ ఊళ్ళో పురుళ్ళు పోసే నర్సమ్మ ఎవరో, ఆమె ఏ దారిన నడుస్తోందో, ఆ దారిలో ఆమెని ఏది ఆపుతోందో రేపు పొద్దున్నే వెళ్ళి ఆమెనే అడగండి. ఉపన్యాసం చెప్పకండి. వంగి నేలని ముట్టుకోండి. చేతికి ఏది అంటుకుంటే దాన్ని మీ ఇంటి బూడిదతో మీరే కడగండి. ఆమె వెళ్ళేదాకా అక్కడే నిలబడండి.